నోరులేని జీవుల భోజనం

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



నిన్న రాత్రి వంటిల్లు సర్దుకుని, దీపం ఆర్పేముందు మీరు చేసిన ఆఖరి పని ఏమిటో నేను చెప్పనా? గోరువెచ్చటి పాలల్లో చెంచాడు పెరుగు వేసి, ఒకసారి కలిపి, మూతపెట్టి వచ్చారు. అంతే కదండీ? పెరుగు ప్యాకెట్టు కొనుక్కునేవారు కూడా పుట్టింట్లో అమ్మ తోడుపెట్టడం చూసే ఉంటారు. ఆ చెంచాడు తోడుతో మీరు కోట్లమంది అతిథులను గిన్నెలోకి పిలిచారన్నమాట. వాళ్ళు రాత్రంతా విందు చేసుకుని, పాలల్లోని చక్కెరను తిని, పుల్లటి ఆమ్లాన్ని బయటికి వదిలారు. ఆ పులుపుకే పాలు గట్టిపడి, తెల్లారేసరికి పెరుగయింది.

ఇదంతా ఒకరోజు మా చిన్నమ్మాయికి చెబుతున్నాను. అది ఏడో తరగతి. "అమ్మా, తిన్నాయంటున్నావు, మరి వాటికి నోరెక్కడుంది?" అంది. నవ్వేసి ఊరుకున్నాను. ఆరునెలల తరవాత మా అత్తగారు జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, డాక్టరమ్మగారు చెప్పిన మాటలు వింటూంటే మా పిల్ల వేసిన ప్రశ్నే గుర్తుకొచ్చింది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ నోరులేని జీవి ఎలా తింటుందో చూద్దాం.

పెరుగులో ఉండే బాక్టీరియా ఒకే ఒక్క కణం. వెయ్యింటిని వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు ఉంటుందేమో. నోరు, పళ్ళు, కడుపు, పేగులు ఏవీ లేవు. బడిలో మనం బొమ్మ గీసిన అమీబా అయితే ఒళ్ళంతా సాగదీసి ఆహారం ముక్కను చుట్టేసి మింగుతుంది. బాక్టీరియాకు ఆ విద్య కూడా లేదు. దాని చుట్టూ గట్టి గోడ, గోడకు లోపల పలచటి కొవ్వు పొర ఉంటాయి. ఆ పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా తక్కువ. దానికి కావలసిన తిండంతా ఆ పొరను దాటే లోపలికి వెళ్ళాలి.

కొవ్వుకూ నీళ్ళకూ పొత్తు కుదరదని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పులుసులో వేసిన నూనె పైకి తేలుతుంది. అలాగే నీళ్ళలో కరిగిన చక్కెర, ఉప్పు ఆ కొవ్వు పొర గుండా వెళ్ళలేవు. ఆక్సిజన్ వంటి చిన్న వాయువులు మాత్రం అడిగేవాళ్ళు లేకుండా దూరిపోతాయి. నీళ్ళు కొద్దికొద్దిగా దూరుతాయి. జోరుగా పోవడానికి నీళ్ళకని ప్రత్యేకమైన సన్నటి గొట్టాలున్నాయి. వాటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రే అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడికి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి చక్కెర మాటేమిటి? దానికి తలుపులున్నాయి. కొవ్వు పొరలో అక్కడక్కడ ప్రొటీన్లతో తయారైన తలుపులు అమరి ఉంటాయి. ఒక్కో తలుపు ఒక్కో రకం అణువుకు. పాల చక్కెర తలుపులో ఉప్పుకు ప్రవేశం లేదు. 1956లో పారిస్‌లో జాక్ మొనో, జార్జ్ కోహెన్, వారి సహచరులు ఇటువంటి తలుపు ఒకటి ఉన్నదని రుజువుచేసి, దానికి పెర్మియేజ్ అని పేరుపెట్టారు.

ఇది కళ్ళకు కట్టాలంటే మా అమీర్‌పేట మెట్రో స్టేషనుకు రండి. 2017 నవంబరులో మెట్రో మొదలైననాటి నుంచి రెండు దారులు కలిసే చోటది. పక్క స్టేషను పంజాగుట్ట. సాయంత్రంపూట గేట్ల దగ్గర నిలబడి చూడండి. కోచింగ్ క్లాసుల పిల్లలు, ఆఫీసుల వాళ్ళు, కూరగాయల సంచీలతో మనలాంటి వాళ్ళు, అందరూ తోసుకొస్తూంటారు. ఎంత జనమున్నా, గేటు ఒక్కొక్కరినే పంపుతుంది. దానికి మీ పేరు అక్కర్లేదు, మీ చీర రంగు అక్కర్లేదు. కార్డు సరిపోయిందా, తెరుచుకుంటుంది. కణం మీద తలుపులూ అంతే. అణువు ఆకారం ఆ తలుపులోని గుంటకు సరిగ్గా అమరాలి. అమరితే తలుపు మెలితిరిగి, దాన్ని లోపలివైపు వదులుతుంది.

మన పెరుగులో చాలా రకాల బాక్టీరియాలుంటాయి. అందులో ఒకదాని పేరు స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్. పేరు నోరు తిరగకపోయినా దాని గుణం మాత్రం అచ్చం గృహిణి గుణమే. పాల చక్కెరలో గ్లూకోజ్, గాలక్టోజ్ అని రెండు ముక్కలు కలిసి ఉంటాయి. ఇది మొదటిదాన్ని వాడుకుంటుంది. రెండోది చాలామటుకు దీనికి అక్కర్లేదు. అందుకని ఏం చేస్తుందంటే, ఒకే తలుపు గుండా అక్కర్లేని గాలక్టోజ్‌ను బయటికిచ్చి కొత్త పాల చక్కెరను లోపలికి తీసుకుంటుంది. పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకోవడం మనకు కొత్త కాదు కదా! ఈ బేరం దానికి మనకంటే ముందే తెలుసు.

తలుపు చిన్నది గనుక పెద్ద వస్తువు పట్టదు. పాలలోని మాంసకృత్తులు పెద్ద పెద్ద అణువులు. వాటిని బాక్టీరియా బయటే తన ఎంజైములతో ముక్కలు కోసి, ఆ ముక్కలను లోపలికి లాక్కుంటుంది. జాడీ మూతిలో మామిడికాయ పట్టకపోతే మనం చేసేదీ అదే.

ఇప్పుడు చలికాలంలో పెరుగు ఎందుకు తోడుకోదో చెప్పండి చూద్దాం. చలికి ఆ కొవ్వు పొర బిగుసుకుంటుంది. తలుపుల పని మందగిస్తుంది, లోపలి ఎంజైముల పనీ మందగిస్తుంది. అందుకే పెద్దవాళ్ళు గిన్నెకు గుడ్డ చుట్టి, బియ్యం డబ్బాలో దాచేవారు. మరీ వేడి పాలల్లో తోడువేస్తే ఆ జీవులే చచ్చిపోతాయి. ఫ్రిజ్‌లో పెడితే చావవు, వాటి పని బాగా మందగిస్తుంది, అంతే. అందుకే నిన్నటి పప్పు ఫ్రిజ్‌లో ఉంది కదా అని నాలుగు రోజులు ధైర్యంగా ఉండకూడదు.

ఆవకాయ సంగతీ ఇంతే. ఉప్పు తగినంత వేస్తే, బాక్టీరియా లోపలి నీళ్ళు ఉప్పు ఎక్కువున్న బయటివైపుకు వచ్చేస్తాయి. నీళ్ళు లేక అది ముడుచుకుపోతుంది. ఏ కొద్ది రకాలో తట్టుకుంటాయి తప్ప మిగతావి పెరగలేవు. "ఉప్పు తగ్గిస్తే ఊరగాయ బూజుపడుతుంది" అన్న అమ్మమ్మ మాటలో ఉన్న శాస్త్రం ఇదే.

ఇంతవరకు బాగానే ఉంది. ఇంకో చిక్కుంది. బయట తిండి పుష్కలంగా ఉన్నప్పుడు లోపలికి రావడం తేలిక. బయట కొంచెమే ఉండి లోపల ఎక్కువ ఉంటే? పల్లం నుంచి మిట్టకు నీళ్ళు తోడినట్టే, అప్పుడు శక్తి ఖర్చుపెట్టాలి. కూలి ఇవ్వందే ఆ తలుపు తిరగదు. చాలా తలుపులకు ఆ కూలి ఏటీపీ అనే అణువు రూపంలో ముడుతుంది.

ఈ ఏటీపీని కనిపెట్టినవారిలో ఒకరు మన తెలుగువారు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో, మద్రాసులో చదువుకుని 1923లో అమెరికా వెళ్ళారు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేసి, 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. బాక్టీరియా మొదలుకుని మన దాకా ప్రతి కణమూ ఈ ఏటీపీతోనే సంసారం ఈదుకొస్తోంది.

సుబ్బారావుగారి కథ ఇక్కడితో ఆగదు. ఆయన సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధితో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టని జబ్బు అది. తరవాత ఆయన లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, 1945లో, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది. గర్భిణీ స్త్రీలకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రల్లో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. పాలకూరలో, శనగల్లో, పెసల్లో సహజంగా ఉండేది కూడా ఈ జాతి విటమినే.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. మన పేగుల్లోని కణాలకు ఈ విటమిన్ కోసం తలుపులున్నాయి. ఆహారంలోంచి తీసుకుంటాం, సొంతంగా తయారుచేసుకోలేం. చాలా బాక్టీరియాలకు ఆ తలుపులు లేవు. అవి పాబా అనే చిన్న అణువుతో మొదలుపెట్టి సొంతంగా వండుకుంటాయి. సల్ఫా మందు అణువు చూడటానికి పాబాకు కవల పిల్లలా ఉంటుంది. అది లోపలికి చేరితే, బాక్టీరియా ఎంజైము మోసపోయి, దాన్నే పట్టుకు కూర్చుంటుంది. వంట ఆగిపోతుంది. 1940లో ఇంగ్లండులో డొనాల్డ్ వుడ్స్ ఈ గుట్టు బయటపెట్టాడు. వాటి వంటింట్లో చిచ్చుపెట్టే మందు మనకు హాని చేయకపోవడానికి కారణం ఇదే: మన ఇంట్లో ఆ వంటే లేదు.

1948లో సుబ్బారావుగారి నాయకత్వంలోని ఆ పరిశోధనశాల నుంచే ఆరియోమైసిన్ వచ్చింది. బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశాడు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొట్టమొదటిది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందు పనిచేయాలంటే బాక్టీరియా లోపలికి వెళ్ళాలి. మొదట్లో చక్కగా వెళ్ళింది. ఎందరి ప్రాణాలో నిలబెట్టింది.

తరవాత కొన్ని బాక్టీరియాలు ఆ మందుకు చావడం మానేశాయి. ఎందుకు? 1980లో అమెరికాలో స్టువర్ట్ లెవీ ప్రయోగశాలవారు తేల్చిన సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఆ బాక్టీరియాల పొరలో ఒక పంపు ఉంది. మందు లోపలికి వస్తూంటే, వచ్చినది వచ్చినట్టే బయటికి తోడేస్తోంది. వానాకాలంలో మా వీధి అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో నీళ్ళు చేరితే మోటారు పెట్టి తోడిస్తారే, అచ్చం అలాగే. మరికొన్ని బాక్టీరియాలు మందు దూరే తలుపులనే తగ్గించేసుకుంటాయి. ఇంకొన్ని మందును విరిచేసే ఎంజైము తయారుచేస్తాయి.

ఇవన్నీ అవి ఆలోచించి చేసే పనులు కావు. కోట్లలో ఏ ఒక్కదానికో అటువంటి మార్పు తనంతట తాను వచ్చి ఉంటుంది. మందు పడగానే మిగతావి చచ్చిపోతాయి, ఆ ఒక్కటీ మిగిలి, పిల్లాపాపలతో వర్ధిల్లుతుంది. పైగా పక్కింటావిడకు మనం వంటల పుస్తకం ఇచ్చినట్టు, ఆ పంపు తయారీ రాతను పక్క బాక్టీరియాకు కూడా అందిస్తుంది.

ఇప్పుడు మా అత్తగారి సంగతి చెబుతాను. ఆవిడకు డెబ్బై ఏళ్ళు. ఏడాదికి రెండు మూడుసార్లు మూత్రంలో మంట వచ్చేది. డాక్టరు దగ్గరికంటే సిగ్గు, బద్ధకం. ఎప్పుడో ఒకసారి రాసిచ్చిన మాత్రల పేరు ఒక కాగితమ్ముక్క మీద ఉండేది. ఆ కాగితం పట్టుకుని వీధి చివర దుకాణానికి వెళ్ళి మాత్రలు తెచ్చినదాన్ని నేనే. రెండు రోజులు వేసుకునేవారు, మంట తగ్గేది, మిగిలినవి డబ్బాలో పడేసేవారు. ఆ డబ్బాలోంచే ఒకసారి మా పిల్ల జలుబుకు కూడా వేశాను. అంత తెలివైనదాన్ని!

మొన్న ఏడాది మంట జ్వరంలోకి దిగింది. ఒళ్ళు వణుకు, నడుం నొప్పి, మాట తడబాటు. మాత్రలు పనిచేయలేదు. ఆసుపత్రిలో మూత్రాన్ని కల్చర్ పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చింది. మందుల పేర్లు వరసగా ఉన్నాయి, ఎదురుగా 'ఆర్', 'ఆర్', 'ఆర్' అని అక్షరాలు. 'ఆర్' అంటే ఆ మందుకు ఈ బాక్టీరియా లొంగదని అర్థమట. మా కాగితమ్ముక్క మీది మందుకూ 'ఆరే'. డాక్టరమ్మగారు రిపోర్టు నా ముందు పెట్టి, "చూడమ్మా, మందంటే కూడా ఒక చిన్న అణువే. బాక్టీరియా దాన్ని లోపలికి రానిస్తేనే కదా పని చేసేది. ఇన్నేళ్ళూ కొంచెం కొంచెం వేసి, లొంగేవాటిని చంపేసి లొంగనివాటిని పెంచుకున్నారు" అన్నారు. గట్టిగా అనలేదు. మామూలుగానే అన్నారు. అందుకే మరీ తగిలింది.

అదృష్టం కొద్దీ ఇద్దరు ముగ్గురి ఎదుట 'ఎస్' అని ఉంది. ఏడు రోజులు ఇంజక్షన్లు ఇచ్చారు. ఆవిడ లేచి కూర్చున్నారు. ఆ ఏడు రాత్రులూ ఆ వార్డులో కూర్చుని నేను అనుకున్నదల్లా, ఆ చివరి మందుకు ఎదురుగా కూడా 'ఆర్' అని ఉంటే ఏమయ్యేది అని.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదండీ. మన నగరం అంచున పటాన్‌చెరు ఉంది కదా, అమీర్‌పేట నుంచి బస్సెక్కితే తిన్నగా వెళ్ళొచ్చు. అక్కడ దాదాపు తొంభై మందుల తయారీ కర్మాగారాల వ్యర్థజలాలు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళను స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. ఆ నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదాని కన్నా ఎక్కువ. ఆ నీళ్ళలోని బాక్టీరియాలకు పగలూ రాత్రీ ఆ అణువుల మధ్యే కాపురం. అటువంటి చోట మిగిలేవి ఎటువంటివో వేరే చెప్పాలా?

కర్మాగారాల పని ప్రభుత్వం చూడాలి, మనం అడగాలి. మన వంతు పని కూడా ఉంది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ చేరేది మన హుస్సేన్‌సాగర్‌కే. సింకులో వంపిన సిరప్పు మాయమైపోయిందనుకుంటాం. అది ఎక్కడో ఒకచోట ఏ సూక్ష్మజీవి తలుపో తడుతూనే ఉంటుంది.

అందుచేత మనం చేయగలిగినవి నాలుగు మాటల్లో చెబుతాను.

మొదటిది: జలుబు, మామూలు పడిశం, ఫ్లూ ఇవన్నీ వైరస్‌ల వల్ల వచ్చేవి. వైరస్ అసలు కణమే కాదు. దానికి గోడ లేదు, తలుపు లేదు, సొంత వంటిల్లు లేదు. బాక్టీరియా వంటింటి మీద పనిచేసే మందు దాన్నేం చేస్తుంది? జలుబుకు యాంటీబయాటిక్ రాయలేదని డాక్టరుగారి మీద విసుక్కోకండి.

రెండోది: మందుల అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే, అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. ఈ గీత అర్థం ప్రజలకు తెలియజెప్పాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ప్రచారం మొదలుపెట్టింది. ఇవాళ మీ మందుల డబ్బా తీసి చూడండి, ఎన్ని ఎర్రగీతలున్నాయో.

మూడోది: ఎన్ని పూటలు, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్పినట్టే. తగ్గింది కదా అని మనంతట మనం ఆపడం వద్దు, ఇంకా నాలుగు రోజులుంటే మంచిదని పొడిగించడమూ వద్దు. మిగిలినవి దాచి ఇంకొకరికి ఇవ్వవద్దు. కల్చర్ పరీక్ష రాస్తే, మందు మొదలుపెట్టక ముందే నమూనా ఇవ్వండి.

నాలుగోది: మిగిలిపోయిన మందు సింకులోనూ బాత్రూములోనూ పారబోయకండి. దుకాణంలోనో ఆసుపత్రిలోనో తిరిగి తీసుకుంటారేమో అడగండి. అసలు మిగలకుండా, రాసినంతే కొనుక్కోవడం అన్నిటికన్నా మేలు.

అలాగని అవసరమైనప్పుడు మందు వేసుకోవడానికి భయపడకండి. మా అత్తగారిని బతికించింది ఆ మందే. అది రేపు మన పిల్లలకు కూడా పనిచేయాలనే నా తాపత్రయం.

మా కాగితమ్ముక్కను చింపేశాను. అత్తగారు ఇప్పుడు నీళ్ళు బాగా తాగుతున్నారు, మంట అనిపిస్తే సిగ్గుపడకుండా చెబుతున్నారు. మా చిన్నమ్మాయికి కూడా జవాబు చెప్పాను: "దానికి నోరు లేదమ్మా, ఒళ్ళంతా తలుపులే" అని. "అయితే మన ఇంటికన్నా దానికే ఎక్కువ కాపలా" అంది అది. నిజమే.

ఈ రాత్రి తోడుపెడుతూ ఒక్క క్షణం ఆ తలుపులను తలుచుకోండి. పెరుగు గిన్నెలో అవి తెరుచుకుంటేనే మనకు కమ్మటి పెరుగు. జబ్బు చేసినప్పుడు మందుకు తెరుచుకుంటేనే మనకు ప్రాణం. అవి మూసుకుపోకుండా చూసుకోవడం చాలావరకు మన చేతిలో, మన మందుల డబ్బాలో ఉంది.